మాట వినని గట్టయ్య

బెల్లంపల్లి కార్మిక వాడల్లో పొద్దున్నే ఎవరైనా ఇంటింటికీ పేడాలు పంచుతున్నారంటే పెళ్ళి కుదిరిందనో, మనవడు పుట్టాడనో అనుకోనక్కర్లేదు. ఆ ఇంటాయన అన్‌ఫిట్ అయి ఉండవచ్చు. బొగ్గుబాయిలో దిగడానికి ఇతని ఒళ్ళు ఇక పనికిరాదని మెడికల్ బోర్డు రాసిస్తే ఆ నౌకరి కొడుక్కి వచ్చేది. అందుకని అక్కడ అది చెడ్డమాట కాదు. "మా ఆయన అన్‌ఫిట్ అయ్యిండు" అని నల్లా దగ్గర ఒకామె చెబితే ఆ పూటకు మిగతావాళ్ళు ఆమె బిందెను ముందు పెట్టుకోనిచ్చేవాళ్ళు. ఫిట్ అని రాసిచ్చిన ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగేది కాదు.

ఇదంతా సరోజనకు తెలుసు. కంపెనీ ఆసుపత్రిలో నర్సుగా చేరిన నాటి నుంచీ చూస్తున్నదే. తన పనికీ ఈ మాటకూ ఏనాడో ఒకనాడు తగువు పడుతుందని మాత్రం ఆమె ఊహించలేదు.

ఆమెది జగిత్యాల దగ్గర పల్లె. కరీంనగర్‌లో నర్సు చదువు చదివింది. భర్త బోథ్‌లో బడిపంతులు, శనివారం బస్సుకు వచ్చి సోమవారం బస్సుకు పోయేవాడు. చాలా ఏళ్ళు ఆమె మగవాళ్ళ వార్డులోనే చేసింది. కాలూ చెయ్యీ పడిపోయి మంచం మీదికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి బీపీ. బీపీ ఉందని వాళ్ళకు ఆ రోజే తెలిసేది. ఎనభై ఆరులో డాక్టర్ జనార్దన్‌రావు ఆమెను పిలిచి, మంచం ఎక్కినంక మనం చేసేది తక్కువ, ఎక్కకముందే ఎవరైనా ఇండ్లకు పోయి చెప్పాలె, నువ్వు పోతావా అని అడిగాడు. వారంలో సగం రోజులు వార్డు, సగం రోజులు వాడలు. సరోజన ఒప్పుకుంది.

మొదట్లో గుండె బొమ్మ ఉన్న చార్టు పట్టుకుని కమ్యూనిటీ హాలులో కూర్చుంది. ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి, ఫ్యాను కింద కునుకు తీసి పోయారు. ఆ తర్వాత షిఫ్టు వదిలే వేళకు బాయి గేటు దగ్గర నిలబడి, రోజూ కాసేపు నడవండి అని చెప్పింది. బొగ్గు మొహాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. పని జాగా దాకా రానూ పోనూ బాయిలోనే కోసుల కొద్దీ నడుస్తున్నం, మీదికొచ్చి గూడ నడవాల్నా అని ఒకడన్నాడు. కాదురా, నడిచేటప్పుడు తట్ట పక్కకు పెట్టి నడవమంటుంది అని ఇంకొకడన్నాడు. సరోజన కూడా నవ్వింది. చార్టు చుట్టి అల్మారాలో పెట్టేసింది.

నల్లాకు నీళ్ళు వచ్చే వేళకు వాడలోని ఆడవాళ్ళంతా అక్కడే ఉంటారు. సరోజన అక్కడికి పోయి కూర్చోవడం మొదలుపెట్టింది. ఏం తిన్నారని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. ఏం వండినవని అడిగితే చెబుతారు. ఈ తేడా పట్టుకోవడానికి ఆమెకు కొంతకాలం పట్టింది. తొక్కు మానెయ్యమని ఎవరికీ చెప్పలేదు. కూరలో ఉప్పు వేస్తివి, తొక్కులో ఉండనే ఉన్నది, మల్ల గంజిలో ఎందుకక్కా అని అడిగేది. వచ్చే వారం వచ్చి మళ్ళీ అడిగేది. ఇది చెయ్యి, అది చెయ్యకు అని చెప్పిన చోట తలుపులు మూసుకుంటాయని ఆమెకు అనుభవం మీద తెలిసింది. ఆడవాళ్ళు ఆమెకు సప్పిడి సిస్టరమ్మ అని పేరు పెట్టారు. సప్పిడి సిస్టరమ్మ వస్తుంది, ఉప్పు డబ్బ దాచిపెట్టుండ్రి అని ఆమె వినేటట్టే అనేవాళ్ళు. అంటూనే పీట వేసేవాళ్ళు.

వాళ్ళలో మల్లక్క ఒకతె. ఆమె గొంతు వాడకంతా తెలుసు. మొగుడికి అన్నం పెట్టానని చెప్పినా, నీళ్ళు తోడానని చెప్పినా చివరి ఇంటి దాకా వినపడేది. ఆమె గయ్యాళి అని పేరు. మొగుడు గట్టయ్య మొండివాడని పేరు. పిలిస్తే పలకడు, చెబితే వినడు, వాడు పేరుకు తగ్గట్టు గట్టిపిండం అనేవాళ్ళు. బాయిలో అతనితో జతగా టబ్బు బండ్లలో బొగ్గు నింపే సారయ్య కూడా అదే అనేవాడు. ఎనుకకు రారా అని మొత్తుకున్నా రాడు, పోయి రెక్క పట్టి గుంజాలె అని. అన్నా సరే, మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఇద్దరూ జత మారలేదు.

సరోజన మొదటిసారి బీపీ చూసినప్పుడు, పట్టీలో గాలి తీసి మళ్ళీ కట్టి చూడవలసి వచ్చింది. అంత ఉంది. గట్టయ్యకు తలనొప్పి కూడా లేదు. ఆమె చెప్పినంతసేపూ ఆమె మొహం మీది నుంచి చూపు తిప్పకుండా కూర్చుని, చివర "అట్లనే సిస్టరమ్మా" అన్నాడు. అన్నట్టే మాత్రలు వేసుకున్నాడు. మల్లక్క గంజిలో ఉప్పు మానేసి, తొక్కు జాడీని అటక ఎక్కించింది. కొన్ని నెలలకు బీపీ దిగింది. సరోజన ఆ సంగతి నల్లా దగ్గర అందరి ముందూ చెప్పింది. ఎవ్వరి మాటా వినని గట్టన్నే నా మాట విన్నడు, మీ ఇండ్లల్ల వాళ్ళు వినరా అని. మల్లక్క బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

గట్టయ్య అప్పటికే తనను బోర్డుకు పంపమని అడిగి ఉన్నాడు. బీపీ ఒకసారి వచ్చిందంటే వచ్చినట్టే, అది ఆస్తి లాంటిది, ఎక్కడికీ పోదు అనుకున్నాడు. మాత్రలు వేసుకుంటే బోర్డు ముందు అది కనిపించదని అతనికి తట్టలేదు. పిలుపు వచ్చింది. రైలెక్కి పోయాడు. అక్కడి డాక్టర్లు బీపీ చూశారు, గుండె చూశారు, ఏవో అడిగారు. ఫిట్ అని రాశారు.

సరోజన మరుసటి వారం ఆ వాడకు పోయేసరికి మల్లక్క తలుపు వేసి ఉంది. పక్కింటామె పీట వేయలేదు. నీ సప్పిడి కూర ఆ పోరని నౌకరి మింగింది సిస్టరమ్మా అన్నది. ఆమె గొంతులో కోపం లేదు, ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. సరోజన నిలబడి విన్నది. ఆ ఇంటి కొడుకు కొమురెల్లి ఇంటర్ తప్పి, బజారులో సైకిల్ దుకాణంలో పంక్చర్లు వేస్తున్నాడు. బాపు అన్‌ఫిట్ అయితే నౌకరి, కాకుంటే పంక్చర్లు. తాను వార్డులో ఉన్నన్నాళ్ళూ రోగం తగ్గితే మనుషులు దండం పెట్టేవాళ్ళు. రోగం తగ్గినందుకు తలుపు వేసుకున్న ఇల్లు ఆమెకు ఇదే మొదటిది.

గట్టయ్యకు ఇంకొక్క అవకాశం మిగిలింది. రిటైర్మెంట్ దగ్గరపడితే బోర్డుకు పంపరు. ఆ లోపల మళ్ళీ పోవాలి. పక్క వాడలో మొండయ్య అని ఒకతను బీపీ మీద అన్‌ఫిట్ అయి, కొడుక్కి నౌకరి ఇప్పించి, చాయ్ హోటల్ ముందు కూర్చుని అందరికీ ఉపాయాలు చెబుతుండేవాడు. మాత్రలు బందు పెట్టాలె, ఉప్పునీళ్ళు తాగాలె, బోర్డు ముందు నిద్ర పోవద్దు, బీడీ మీద బీడీ తాగాలె. ఇది మొండయ్య చీటీ. డాక్టర్ చీటీ కంటే అది ఎక్కువ ఇళ్ళలో నడిచేది.

ఒకనాడు సరోజన బజారు మీదుగా వస్తుంటే కొమురెల్లి దుకాణంలోంచి లేచి వచ్చాడు. చేతులకు గ్రీజు ఉంది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

"బాపు ఉప్పునీళ్ళు తాగుతుండు సిస్టరమ్మా. గ్లాసుల కొద్ది. మొన్న లేవంగనే గోడ పట్టుకొని నిలవడ్డడు. నాకు నౌకరి వద్దు, నేను గీ పంక్చర్లే వేసుకుంట అని చెప్పిన. ఇంటలేడు."

"మీ అవ్వ?"

"అవ్వ మొత్తుకుంటుంది. అవ్వ మొత్తుకునుడు వాడకంత వినవడ్డది, బాపుకు తప్ప."

సరోజన సంచి భుజాన వేసుకుని నేరుగా ఆ ఇంటికి పోయింది.

తలుపు తీసే ఉంది. మల్లక్క లేదు. వెనుక వాకిట్లో గట్టయ్య ఇటు వీపు పెట్టి కూర్చుని మంచానికి నులక అల్లుతున్నాడు. సరోజన గడప దగ్గర నిలబడి, గట్టన్నా అన్నది. అతను తాడు లాగి బిగించాడు. కోపం ఉంటుంది, ఉండాలి కూడా అనుకుని ఆమె అక్కడి నుంచే మాట్లాడింది. బోర్డు సంగతి తనకు తెలియదని, తెలిస్తే ఏం చేసేదో కూడా తనకు తెలియదని, కానీ ఉప్పునీళ్ళతో నౌకరి రాకముందే చెయ్యి పడిపోతుందని, అప్పుడు కొమురెల్లి బాయికి పోవాల్నా, బాపుకు అన్నం తినిపించాల్నా అని. ఆమె అంతసేపు మాట్లాడటం అరుదు. గట్టయ్య ఇంకొక వరస అల్లాడు.

ఒక మాటన్నా అనమని ఆమె ముందుకు అడుగు వేసింది. గడప అవతల పెట్టిన ఇత్తడి బిందె కాలికి తగిలింది. అది మెట్ల మీద నుంచి బండల మీదికి దొర్లి, గోడకు కొట్టుకుని, మళ్ళీ వెనక్కి దొర్లింది. పక్కింట్లోంచి, ఏం పడ్డదే మల్లక్కా అని కేక వినిపించింది. గోడ మీది కోడి ఎగిరిపోయింది.

గట్టయ్య తాడు లాగి బిగించాడు.

సరోజన ఆ బిందె వంకా, అతని వీపు వంకా చూసింది. తర్వాత చుట్టు తిరిగి అతని ఎదుటికి పోయింది. నీడ పడగానే అతను ఉలిక్కిపడి తల ఎత్తాడు. ఎప్పుడొచ్చినవ్ సిస్టరమ్మా అంటూ లేవబోయాడు. మొహంలో కోపం ఏమీ లేదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు నోటికి అడ్డం పెట్టుకుని, కొమురెల్లి ఏడికి పోయిండు గట్టన్నా అని అడిగింది.

"అట్లనే సిస్టరమ్మా" అన్నాడు గట్టయ్య.

ఆమె కొంగు దించింది. అతను ఆమె పెదాల వంక చూశాడు. ఆ తర్వాత దొర్లి పడి ఉన్న బిందె వంక చూశాడు. అది తన వెనుక ఉండవలసింది, ఇప్పుడు పక్కన ఉంది. అతనికీ అర్థమైంది. తాడు వదిలేశాడు.

సరోజన మంచం పట్టె మీద అతనికి ఎదురుగా కూర్చుంది. ఎప్పటి నుంచి అని అడిగింది, ఒక్కో మాట విడిచి విడిచి. గట్టయ్య చెప్పాడు. బొగ్గులో మందు పెట్టి పేల్చే చప్పుళ్ళకు ముందు చెవుల్లో గుయ్యిమనేది. కొన్నేళ్ళు అదే ఉంది. తర్వాత ఆ గుయ్యిమనుడు కూడా వినపడటం మానేసింది. ఎవరైనా దగ్గరికి వచ్చి అరిస్తే తెలుస్తుంది. మిగతాదంతా మొహం చూసి తెలుసుకోవడమే. మొహం చూసినా తెలియనప్పుడు అట్లనే అంటే ఎవరూ మళ్ళీ అడగరు.

బాయిలో ఎట్ల అని ఆమె అడిగింది. ఆ వాడల్లో బతికిన ఎవరికైనా తెలిసిన సంగతే. బొగ్గు తీసినంత మేరా మీద పైకప్పు ఉంటుంది. అది ఊరికే కూలదు. ముందు చిటపటమంటుంది, ఆపుగా నిలిపిన దిమ్మెలు కిర్రుమంటాయి. కప్పు మాట్లాడుతుంది అంటారు. ఆ మాట విన్నవాళ్ళు కేక వేస్తారు, కేక విన్నవాళ్ళు ఉరుకుతారు.

"సారయ్య ఇనుప సబ్బలితోని కప్పు మీద కొడ్తడు" అన్నాడు గట్టయ్య. "నేను పక్కన చెయ్యి ఆనిస్త. గుల్లగుంటే నా చెయ్యికి తెలుస్తది."

"కొట్టకముందే పగిలితే?"

అతను జవాబు చెప్పలేదు. ఈసారి వినపడక కాదు.

మల్లక్క అప్పుడే వచ్చింది. ఇద్దరినీ, బిందెనూ చూసింది. నెత్తి మీది గంప దించి, తలుపు గొళ్ళెం పెట్టి వచ్చి కింద కూర్చుంది. ఎవరికీ చెప్పకు సిస్టరమ్మా అన్నది. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని సరోజనకు అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్ళూ ఆమె అరిచింది గయ్యాళితనంతో కాదు.

చెవులు వినపడకపోవడం కూడా అన్‌ఫిట్ కిందికే వస్తుందని, ఉప్పు తాగనక్కర్లేదని, దొంగ రోగం తెచ్చుకోనక్కర్లేదని సరోజన చెప్పింది. వాళ్ళిద్దరికీ ఆ సంగతి తెలియనిది కాదు. మల్లక్క తల అడ్డంగా ఊపింది. గట్టయ్య తన గొంతు తనకు వినపడనివాడి లాగా, ఉండవలసిన దానికంటే పెద్దగా మాట్లాడాడు.

"ఉప్పు తిని సస్తే బీపీ ఉండె, సచ్చిండంటరు. చెవుల సంగతి బయటవడితే ఏమంటరు? సారయ్య పానం ఇన్నేండ్లు నా చెవుల మీద వెట్టి పనిజేసిండు. నాకు చెవులే లేవు. గా ముచ్చట తెలిసినంక నా కొడుకుని ఎవడు జతకు పెట్టుకుంటడు? చెవిటి దొంగ కొడుకు అంటరు."

"నువ్వు ఇయ్యాల గూడ దిగినవా?"

"దిగిన."

సరోజన లేచి నిలబడింది. వాడల్లో తిరగడం మొదలుపెట్టిన నాటి నుంచి ఎవరికీ ఇది చెయ్యి అని చెప్పని మనిషి, ఆ రోజు చెప్పింది. రేపటి నుంచి బాయి దిగవద్దు. ఆసుపత్రికి వచ్చి సిక్కు లీవు పెట్టుకోవాలె. సారయ్యకు తానే పోయి చెప్పాలె. చెప్పకుంటే తాను డాక్టరుకు చెబుతుంది. గట్టయ్య ఆమె పెదాలు అందుకోలేక, ఏమన్నవ్ అన్నాడు. ఆమె మళ్ళీ కూర్చుని మొదటి నుంచి చెప్పింది.

"నీ మాట ఇని ఒకపారి మునిగినం" అన్నది మల్లక్క. "ఇది గూడ వినమంటవా?"

"నాకు గూడ తెల్వదు మల్లక్కా, ఇందుల మంచే అయితదో, చెడే అయితదో. సారన్నకు గూడ పిల్లలున్నరు."

మల్లక్క లేచి తలుపు గొళ్ళెం తీసింది. సరోజన సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె ఇంకే ఇంటికీ పోలేదు.

మరునాడు పొద్దున ఓపీ చీటీల వరసలో గట్టయ్య నిలబడి ఉన్నాడు. సరోజన అతన్ని డాక్టర్ జనార్దన్‌రావు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు చెవుల్లో లైటు వేసి చూసి, శృతిదండం మోగించి తలకు ఆనించి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఈయన నా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిండో, నేను తల వంచి రాసుకుంట ఎట్లున్నవ్ అని అడిగితే అట్లనే సార్ అనేది, మర్యాదస్తుడు అనుకున్న అన్నాడు. బోర్డుకు పంపే కాగితం ఆయనే రాశాడు. సరోజన పక్కన నిలబడి గట్టయ్యతో, మాత్రలు మళ్ళీ మొదలుపెడతావా అని అడిగింది. అతను, వినవడలే సిస్టరమ్మా, మల్ల చెప్పు అన్నాడు. ఆమె చెప్పింది.

సారయ్యకు చెప్పిన సంగతి ఆమెకు మల్లక్క చెప్పింది. గట్టయ్య ఆ సాయంత్రం తానే అతని ఇంటికి పోయాడట. సారయ్య స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడట. చెప్పింది విని తువ్వాల భుజాన వేసుకుని, ఉమ్మి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడట. అంతే. ఆ తర్వాత ఈ ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే రెండో గల్లీ నుంచి తిరిగి పోతున్నాడట. కానీ బాయిలో ఎవరికీ చెప్పలేదని కొమురెల్లికి తెలిసింది. గట్టయ్య ఎందుకు వస్తలేడురా అని ఎవరైనా అడిగితే, పానం బాగలేదు అంటున్నాడట. తిట్టినా బాగుండు సిస్టరమ్మా, మనిషి అన్నం తింటలేడు అన్నది మల్లక్క. సరోజన సారయ్యతో మాట్లాడతానని అనలేదు. అది తాను అడిగితే తెగేది కాదని ఆమెకు తెలుసు.

బోర్డు పిలిచింది. ఈసారి గట్టయ్య వెంట కొమురెల్లి కూడా పోయాడు. చెవుల డాక్టరు పరీక్ష చేశాడు. గట్టయ్యను గోడ వైపు తిప్పి నిలబెట్టి, వెనుక నుంచి పేరు పిలిచారట. కొమురెల్లి తలుపు సందు నుంచి చూశాడు. బాపు గోడ వంకే చూస్తూ నిలబడ్డాడని, తనకు మాత్రం ఆ పిలుపు రైలు దిగేదాకా వినపడుతూనే ఉందని సరోజనతో చెప్పాడు.

అన్‌ఫిట్ ఆర్డరు వచ్చిన రోజు కొమురెల్లి పేడాలు తెచ్చాడు. గట్టయ్య వద్దన్నాడు. వాడ ఊరుకోలేదు. ఆడవాళ్ళే డబ్బా తెరిచి పంచారు. సరోజన మధ్యాహ్నం బీపీ చూడటానికి వచ్చేసరికి గట్టయ్య వాకిట్లో తాను అల్లిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. బీపీ దిగింది, ఇంకా దిగాలి. పీట వేశారు. ఒకామె పేడా తెచ్చి చేతిలో పెట్టి, ఇది సప్పిడి పేడా సిస్టరమ్మా, నీ కోసమే చేపిచ్చినం అన్నది. మల్లక్క సారయ్య వాళ్ళ ఇంటికి పంపిన పేడాలు అతని భార్య తీసుకుందని సరోజనకు మెల్లగా చెప్పింది.

మొదటి షిఫ్టు వదిలారు. గల్లీలో బూట్ల చప్పుడు మొదలైంది. సారయ్య ఆ గల్లీ నుంచే వచ్చాడు. మొహాన బొగ్గు, నెత్తిన టోపీ, దానికున్న లైటు కూడా తీయలేదు. గట్టయ్య అతనికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. సారయ్య ఇంటి ముందు ఆగి, అక్కడి నుంచే తిట్టడం మొదలుపెట్టాడు. అవ్వను, అయ్యను, పుట్టిన ఊరును కలిపి తిట్టాడు. ఆడవాళ్ళు పేడాల డబ్బా మూశారు. గట్టయ్య సరోజనకు చెయ్యి చాపి, పట్టీ విప్పమని చూపిస్తున్నాడు.

సారయ్య మధ్యలో ఆగాడు. చెవులు లేనివాణ్ణి వెనుక నుంచి తిట్టి ఏం లాభమని అతనికి అప్పుడు తట్టింది. మంచం చుట్టు తిరిగి ఎదుటికి వచ్చాడు. గొంతుకిలా కూర్చుని, గట్టయ్య మొహానికి మొహం పెట్టి, మొదటి తిట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మెల్లగా, ఒక్కో తిట్టు విడిచి విడిచి. గట్టయ్య తల వంచుకోలేదు. వంచుకుంటే తిట్లు కనపడవు.

"గా రోజు దిమ్మె విరిగిననాడు నీ రెక్క గుంజిన" అన్నాడు సారయ్య. "మొండోడు ఇనడు అనుకొని గుంజిన. ఇంకోపారైతే కోపానికొచ్చి గుంజకుండ ఊకుంటుంటి. నీ పిండం కాకులకు పెట్టుకుంట, గిది నా పాపమే అని నేనేడుస్తుంటి. నాకు జెప్పవద్దార? చెప్తే నిన్ను ఎనుకకు వెట్టి నేను ముందుండకపోదునా?"

గట్టయ్య కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ పెదాలు తప్పిపోతాయి. "తప్పయింది సారయ్యా" అన్నాడు, వాడంతా వినపడేటట్టు.

సారయ్య లేచి నిలబడ్డాడు. తర్వాత గోడకు ఆనుకుని నిలబడ్డ కొమురెల్లిని చూశాడు. వీడు దిగేది ఎప్పుడు అని అడిగాడు. వచ్చే నెల అని మల్లక్క చెప్పింది. మేస్త్రికి చెప్పి నా జతకు వేయించుకుంట అన్నాడు సారయ్య. మల్లక్క లోపలికి పోయి, ఏమీ తేకుండానే తిరిగి వచ్చింది.

"బాయిల చేతులు కాళ్ళు తర్వాత, ముందుగాల చెవులు గావాలె" అన్నాడు సారయ్య. "సిస్టరమ్మా, గీ పోరని చెవులు చూడు. గిప్పుడే, నా ముందట."

సరోజన కొమురెల్లిని గోడ వైపు తిప్పి నిలబెట్టింది. అడుగులు లెక్కపెట్టినట్టు వెనక్కి జరిగి, పెదాలు కదిలీ కదలనట్టు, దుకాణంల ఇయ్యాల ఎన్ని పంక్చర్లు వేసినవ్ అని అడిగింది. ఒక్కటి గూడ వేయలే, సేటు గూడ పేడా తిన్నడు అన్నాడు వాడు. రెండో చెవి వైపు నుంచి అడిగితే రెండో జవాబు చెప్పాడు. ఆడవాళ్ళు నవ్వారు. డబ్బా మళ్ళీ తెరిచారు.

సారయ్య టోపీ తీసి మంచం మీద పెట్టాడు. నాయి గూడ చూడు అన్నాడు. మేమిద్దరం విన్నది ఒక్కటే మందు చప్పుడు అని, వెళ్ళి గట్టయ్య ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. సరోజన అతని వెనుకకు పోయి కుడిపక్క నిలబడి, పొద్దున ఏం తిన్నవ్ సారన్నా అని అడిగింది.

"ఏం వండిన్రని అడుగుతవు గద నువ్వు. జొన్నరొట్టె వండిన్రు, తొక్కు నేనే వేసుకున్న."

ఈసారి నవ్వులో సారయ్య కూడా కలిశాడు. సరోజన ఎడమపక్కకు జరిగింది. అదే గొంతుతో, మీ చిన్నబిడ్డను ఏ ఊరికిచ్చిన్రు సారన్నా అని అడిగింది. సారయ్య నిటారుగా కూర్చుని, బుగ్గ మీది బొగ్గు గీక్కుంటూ ఎదురు చూస్తున్నాడు. ఆమె ఇంకాస్త గొంతు పెంచి మళ్ళీ అడిగింది.

"అడుగు సిస్టరమ్మా, జల్ది" అన్నాడు సారయ్య.

నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి. గట్టయ్య సరోజన పెదాల మీది నుంచి చూపు తీసి సారయ్య మొహం చూశాడు. ఆ మొహం అతనికి తెలుసు. ముందుకు వంగి సారయ్య మోకాలి మీద చెయ్యి వేశాడు.

"సారయ్యా, అడిగింది" అన్నాడు. "రెండుసార్లు అడిగింది."